అమలాపురంలో టోక్యో ఫార్ములా: మైనస్ 77 రావాల్సింది మైనస్ 112 ఎందుకొస్తోంది?

ఈసీఈ_ఆఖరేడాది (శుక్రవారం రాత్రి 10:40)

అందరికీ నమస్కారమండీ. ప్రాజెక్టులో ఇరుక్కుపోయాను, కాస్త దారి చూపించండి.

మా ఊరు అమలాపురం. ఊళ్ళో 4జీ సిగ్నల్ ఎక్కడెంత ఉండాలో ముందు కాగితం మీద లెక్కగట్టి, తర్వాత ఫోన్‌తో తిరిగి కొలిచి, రెండూ పోల్చి చూపించాలి. గడియారస్తంభం సెంటర్‌కి దగ్గర్లో ఉన్న ఒక టవర్ పట్టుకున్నాను. యాంటెన్నా ఎత్తు 30 మీటర్లు, ఫ్రీక్వెన్సీ 1840 మెగాహెర్ట్జ్, ఫోన్ ఎత్తు మీటరున్నర. దూరాన్నిబట్టి సిగ్నల్ ఎంత తగ్గుతుందో చెప్పే కాస్ట్ 231 హాటా ఫార్ములాలో వేస్తే 1.2 కిలోమీటర్ల దగ్గర నష్టం 139.3 డీబీ వచ్చింది (డీబీ అంటే ఎన్ని రెట్లో చెప్పే కొలత, ప్రతి 10 డీబీకి పది రెట్లు). టవర్ పవర్ 40 వాట్లని ఒక సీనియర్ చెప్పాడు, అంటే 46 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే డీబీ). యాంటెన్నా గెయిన్ (సిగ్నల్‌ని ఒకవైపే పంపడం వల్ల వచ్చే లాభం) 17, కేబుల్‌లో అర డీబీ పోయిందనుకున్నాను.

46 + 17 - 0.5 - 139.3 = మైనస్ 76.8.

స్కూటీ మీద ఆ దూరంలో ఉన్న వీధులన్నీ తిరిగితే ఫోన్‌లో ఆర్‌ఎస్‌ఆర్‌పీ (ఫోన్ చూపించే సిగ్నల్ బలం) సగటు మైనస్ 112. అంటే 35 డీబీ తేడా, మూడు వేల రెట్లు! ఫార్ములా పదిసార్లు సరిచూశాను. వచ్చే శుక్రవారం రివ్యూ. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

లంకవాసి

తమ్ముడూ, టవర్ కిందికెళ్ళి నిలబడి కొలు, తేడా పోతుంది.

డ్రైవ్‌టెస్ట్_డైరీ

ఆ జోక్ పక్కన పెట్టండి, పిల్లాడు నిద్రపోవట్లేదు.

బాబూ, నీ ఫార్ములా తప్పు కాదు. నేనూ వేసి చూశాను, 139.3 కరెక్టే. నువ్వు పోల్చిందే తప్పు. నువ్వు లెక్కగట్టింది టవర్ మొత్తం పవర్, ఫోన్ చూపించేది మొత్తం కాదు. టవర్ తన సిగ్నల్‌ని సబ్‌క్యారియర్లనే సన్నటి పాయలుగా విడగొట్టి పంపుతుంది. ఆర్‌ఎస్‌ఆర్‌పీ అంటే ఒక్క సబ్‌క్యారియర్‌లో వచ్చే రిఫరెన్స్ సిగ్నల్ (ఫోన్ కొలుచుకోవడానికి టవర్ పంపే గుర్తు) పవర్. 10 మెగాహెర్ట్జ్ క్యారియర్ అనుకుంటే అందులో 600 సబ్‌క్యారియర్లు ఉంటాయి. ఆ 40 వాట్లు 600 మంది పంచుకుంటే ఒక్కొక్కరి వాటా ఎంత? పది ఇంటూ లాగ్ 600, అంటే 27.8 డీబీ తగ్గుతుంది. 46 కాస్తా 18.2 అయింది.

18.2 + 17 - 0.5 - 139.3 = మైనస్ 104.6.

బస్తా బియ్యం తూకం వేసి, గింజ బరువుతో పోల్చావన్నమాట. ఈ పొరపాటు ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో నేనూ చేశాను. మా సీనియర్ ఏమీ అనకుండా ఓ నవ్వు నవ్వి వెళ్ళిపోయాడు, అది ఇప్పటికీ గుర్తుంది.

ఈసీఈ_ఆఖరేడాది

అన్నా!! 28 డీబీ ఒక్క దెబ్బకి తేలిపోయింది. చాలా థ్యాంక్స్. ఇంకా 7 డీబీ మిగిలింది. ఫార్ములాలోంచి ఒక 7 తీసేసి 'కరెక్షన్ ఫ్యాక్టర్' అని రాసేస్తే సరిపోతుందా?

పాత_ఎక్స్ఛేంజి

అలా మాత్రం రాయకు నాయనా. ముందు ఆ ఫార్ములా ఎక్కడ పుట్టిందో తెలుసుకో.

ఓకుమురా అనే జపాన్ ఇంజనీరు, ఆయన బృందం టోక్యోలో, ఆ చుట్టుపక్కల బండి మీద తిరిగి కొలతలు తీసి, గ్రాఫులు గీసి 1968లో అచ్చేశారు. గ్రాఫులు చూసి లెక్కలేయడం కష్టంగా ఉందని 1980లో హాటా వాటిని ఫార్ములాలుగా మార్చాడు. అవి 150 నుంచి 1500 మెగాహెర్ట్జ్ వరకే, టవర్ ఎత్తు 30 నుంచి 200 మీటర్ల వరకే, దూరం 1 నుంచి 20 కిలోమీటర్ల వరకే. తర్వాత యూరప్ వాళ్ళు కాస్ట్ 231 అనే ప్రాజెక్టులో దాన్ని 2000 మెగాహెర్ట్జ్ దాకా లాగారు. నువ్వు వాడింది అదీ. అంటే దాని పునాది భౌతికశాస్త్ర సూత్రం కాదు, ఒక ఊళ్ళో తీసిన కొలతలకి గీసిన సగటు గీత. ఆ ఊళ్ళో కొబ్బరిచెట్లు లేవు, గోదావరి పాయా లేదు.

ఇంకో ప్రశ్న. అమలాపురాన్ని నువ్వు ఏ ఖాతాలో వేశావు? సిటీ, శివారు, బయలు అని హాటా మూడు రకాలు పెట్టాడు. నీ ఫ్రీక్వెన్సీలో సిటీకీ శివారుకీ 12 డీబీ తేడా, సిటీకీ బయలుకీ 32 డీబీ తేడా. మన ఊళ్ళు ఈ మూడింటిలో ఏ ఒక్కటీ కావు. గడియారస్తంభం దగ్గర మూడంతస్తుల కొట్లు, నల్లవంతెన దాటి పావుగంట నడిస్తే పెంకుటిళ్ళు, ప్రతి ఇంటి దొడ్లో నాలుగు చెట్లు, ఇంకాస్త వెళ్తే వరిచేలు. ఒకే వీధిలో మూడు ఖాతాలూ ఉన్నాయి.

ఏ అడ్డూ లేని ఖాళీ జాగాలో 1.2 కిలోమీటర్లకి నష్టం ఎంతో కట్టి చూడు: 99.3. నీ సిటీ ఫార్ములా 139.3 అంటోంది. సరిగ్గా 40 డీబీ, అంటే పదివేల రెట్లు. ఊరు తినేది అంతా ఆ నలభైలోనే ఉంది. నీ 7 కూడా అందులోనే ఎక్కడో దాక్కుంది, దాన్ని వెతకాలి గానీ కొట్టేయకూడదు.

కొబ్బరితోట_మాది

చెట్ల మాట వచ్చింది కాబట్టి నేనూ ఓ మాట చెబుతానండి. చదువు తక్కువ, తప్పైతే సరిచేయండి. మా తోట అంబాజీపేట దగ్గర. తోట మధ్యలో ఇల్లు. మేడ మీద మూడు గీతలు, కింద వసారాలో ఒకటి. వాన పడితే ఆ ఒకటీ పోతుంది. వాన నీళ్ళు సిగ్నల్‌ని తాగేస్తాయంటారు, నిజమేనాండీ?

డ్రైవ్‌టెస్ట్_డైరీ

ఆయ్, మీరు చూసింది నిజమేనండి, కారణం మాత్రం వేరు. మన ఫోన్ల ఫ్రీక్వెన్సీల్లో వానచినుకుల వల్ల పోయేది దాదాపు సున్నా. డిష్ టీవీకి వాన దెబ్బ తగులుతుంది, ఎందుకంటే అది పది గిగాహెర్ట్జ్ పైన పనిచేస్తుంది. మీ దగ్గర తడిసిన మట్టలు కొంత తింటాయి. మిగతాది చెప్పొద్దూ, కరెంటే. గాలివాన రాగానే లైన్ పోతుంది, టవర్ బ్యాటరీ ఎంతసేపు లాగితే అంతసేపే సిగ్నల్. వాన తగ్గాక కూడా గీత రాకపోతే అది కరెంటు పోయిన టవరే.

మేడ మీద మూడు, వసారాలో ఒకటి అన్నారు కదా, అది ఈ పిల్లాడికి బంగారంలాంటి సమాచారం. అదెందుకో వాడే కట్టి చెప్పాలి.

ఈసీఈ_ఆఖరేడాది

కట్టాను, కానీ భయమేస్తోంది. యాంటెన్నా 30 మీటర్లు, ఫోన్ 1.5, దూరం 1200. కిరణం భూమికి 1.36 డిగ్రీల వాలులో దిగుతుంది. చెట్ల మట్టలు 10 నుంచి 15 మీటర్ల ఎత్తులో ఒక పందిరిలా ఉన్నాయనుకుంటే, అంత తక్కువ వాలులో ఆ 5 మీటర్ల మందం దాటడానికి కిరణం 210 మీటర్లు మట్టల్లోనే ప్రయాణించాలి. చెట్ల గుండా పోతే ఎంత నష్టమో చెప్పే వైస్‌బర్గర్ ఫార్ములాలో 210 మీటర్లు వేస్తే 37 డీబీ! కానీ నాకు మిగిలింది ఏడే.

పాత_ఎక్స్ఛేంజి

వాలు లెక్క బాగా కట్టావు. తర్వాతే తప్పటడుగు వేశావు. సిగ్నల్‌కి ఒకే దారి ఉందనుకున్నావు. లోపల్నుంచి రావడం కష్టమైతే అది పైనుంచి వస్తుంది. చెట్ల తలల మీదుగా ప్రయాణించి, చివర్లో అంచు దగ్గర వంగి కిందికి దిగుతుంది. అందుకే తోట ఎంత పొడవున్నా నష్టం ఒక హద్దు దాటదు. ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంస్థ) వాళ్ళ చెట్ల సిఫారసు ఒకటుంది, పి 833. అందులో గరిష్ఠ నష్టం అని ఒక అంకె పెట్టి, లోతు పెరిగేకొద్దీ దానివైపు మెల్లగా వంగే గీత గీశారు. దాన్ని తీసుకో.

వైస్‌బర్గర్ లెక్క సమశీతోష్ణ దేశాల్లో దట్టంగా ఆకులున్న పొడిచెట్ల కోసం కట్టింది. కొబ్బరికి కింద మాను, పైన గొడుగు. మానుల మధ్య ఎంత ఖాళీ ఉంటుందో తోటలో నడిచినవాడికి తెలుసు.

లంకవాసి

ఈసారి జోక్ కాదు. మా లంకలో సాయంత్రం గాలి తిరిగితే వీడియో కాల్ ఆగి ఆగి వస్తుంది. గాలి పడిపోతే బాగుంటుంది. ఇదీ చెట్లేనా?

డ్రైవ్‌టెస్ట్_డైరీ

చెట్లే. మట్టలు ఊగితే వాటి మీద పడి వచ్చే కిరణాలు ఒకదానితో ఒకటి కలిసే తీరు క్షణక్షణం మారుతుంది. సగటు పెద్దగా మారదు, ఊగిసలాట పెరుగుతుంది. ఫోన్‌లో గీతలు అలాగే ఉంటాయి, కాల్ మాత్రం నలుగుతుంది.

ఇక నీళ్ళ సంగతి నా సొంత అనుభవంతో చెబుతాను. రాజమండ్రిలో పుష్కరఘాట్ దగ్గర కంప్లయింట్ ఎక్కువ. ఫోన్‌లో గీతలు నిండుగా ఉంటాయి, నెట్ మాత్రం రాదు. లాప్‌టాప్ పెట్టి చూస్తే మెట్ల మీద నిలబడ్డ ఫోన్‌కి ఊళ్ళో సెల్ (టవర్ మీద ఒక్కో వైపుకి పనిచేసే యాంటెన్నా) మైనస్ 93, ఏటికి అవతల కొవ్వూరు వైపు సెల్ మైనస్ 84! రెండున్నర కిలోమీటర్లకు పైగా నీళ్ళు దాటొచ్చినది దగ్గరదాన్ని ఓడించింది. ఊళ్ళో సెల్‌కి ఎదురుగా మేడలు, అవతలి సెల్‌కి ఎదురుగా ఒట్టి నీళ్ళు. ఫోన్ అవతలి ఒడ్డుకి అతుక్కుంటుంది, ఇవతలి సెల్స్ అన్నీ దాని చెవిలో గోల చేస్తాయి.

అవతలి యాంటెన్నా ఎందుకంత దూరం కొడుతోంది? 30 మీటర్ల ఎత్తులో యాంటెన్నాని 2 డిగ్రీలు కిందికి వంచితే బీమ్ మధ్యభాగం సుమారు 860 మీటర్ల దగ్గర నేలకి తగులుతుంది. 6 డిగ్రీలు వంచితే 285 మీటర్లే. అక్కడ టిల్ట్ పెంచాం, ఘాట్ మీద గోల తగ్గింది. అవతలి ఊరి చివర రెండిళ్ళ వాళ్ళు మాత్రం సిగ్నల్ పోయిందని తిట్టుకున్నారు. ఒకరికి పెడితే ఒకరికి తగ్గుతుంది, ఈ ఉద్యోగం అంతే.

రొయ్యలచెరువు

మాది భీమవరం దగ్గర. గట్టు మీద నిలబడితే ఫుల్లు. పదడుగుల దూరంలో రేకుల షెడ్డులోకి వెళ్తే నిల్లు. రాత్రి ఏరియేటర్ (చెరువు నీళ్ళకి గాలి పట్టించే యంత్రం) ఆగిపోతే ఫోన్‌కి మెసేజ్ వచ్చే పెట్టె ఒకటి కొన్నాం, అది షెడ్డులోనే ఉంది. మొన్న ఏరియేటర్ ఆగింది, మెసేజ్ తెల్లారాక వచ్చింది. అప్పటికే నష్టం జరిగిపోయింది. బూస్టర్ పెట్టుకోమంటున్నారు, పెట్టమంటారా?

డ్రైవ్‌టెస్ట్_డైరీ

పెట్టకండి. లైసెన్స్ లేని బూస్టర్ చట్టరీత్యా నేరం, పైగా అది టవర్ వినికిడిని పాడుచేసి చుట్టుపక్కల అందరి కాల్స్‌నీ చెడగొడుతుంది. మీ పెట్టెకి సిమ్ యాంటెన్నా స్క్రూతో ఊడివచ్చే రకమైతే, పొడుగు వైరున్న యాంటెన్నా కొని రేకు పైకి తీసి బిగించండి. రెండు గంటల పని. ఇనపరేకు అద్దంలాంటిది, సిగ్నల్‌ని వెనక్కి తోసేస్తుంది. తాటాకు పాకలో ఈ బాధ ఉండదు.

రొయ్యలచెరువు

ఊడే రకమేనండి. రేపే చేయిస్తాను.

గోదారి_గాలి

ఇన్ని టవర్లు, ఇంత రేడియేషన్. మా వీధిలో పిచ్చుకలు లేవు. దాని గురించి ఒక్కరూ మాట్లాడరేం?

మోడరేటర్

దానికి వేరే చర్చ ఉంది, అక్కడ రాయండి. ఒక్క వాస్తవం మాత్రం చెప్పి ముగిస్తాను: మన దేశంలో టవర్ రేడియేషన్ పరిమితిని 2012 సెప్టెంబర్ 1 నుంచి అంతర్జాతీయ పరిమితిలో పదోవంతుకి తగ్గించారు. మిగతాది ఇక్కడ వద్దు.

మ్యాపు_పిచ్చోడు

ఆలస్యంగా వచ్చాను, సారీ. తమ్ముడూ, నువ్వు సాఫ్ట్‌వేర్‌లో నేల ఎత్తుల ఫైలు వాడుతున్నావా? ఎస్‌ఆర్‌టీఎం అయితే జాగ్రత్త. 2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో తీసిన డేటా అది. చెట్లున్నచోట రాడార్‌కి నేల సరిగా కనిపించదు, చెట్టు తల ఎక్కడుంటే దాని దగ్గరి ఎత్తు రాస్తుంది. కోనసీమ మ్యాపు ఓసారి రంగులేసి చూడు. సముద్రమట్టానికి నాలుగైదు మీటర్లున్న చదును నేల మీద ఏవో చిన్న కొండలు కనిపిస్తాయి. అవన్నీ కొబ్బరితోటలే! సాఫ్ట్‌వేర్ వాటిని మట్టిదిబ్బలనుకుని సిగ్నల్‌ని పూర్తిగా ఆపేస్తుంది. దాని మీద మళ్ళీ చెట్ల నష్టం కలిపావంటే ఒకే తోటకి రెండుసార్లు పన్ను కట్టినట్టే.

ఈసీఈ_ఆఖరేడాది (ఆదివారం సాయంత్రం)

మ్యాపు చూశాను అన్నా, నిజంగా కొండల్లాగే ఉన్నాయి. నేలని చదునుగా పెట్టేశాను.

ఇంకో విషయం, చెప్పడానికి సిగ్గుగా ఉంది. మొదటిసారి తిరిగినప్పుడు ఫోన్ స్కూటీ డిక్కీలో పెట్టాను.

లంకవాసి

😂😂😂 ఏడు డీబీ డిక్కీలో దొరికింది!

డ్రైవ్‌టెస్ట్_డైరీ

నవ్వకండి, కారులో సీటు కింద పెట్టి కొలిచినవాళ్ళని చూశాను. బాబూ, అద్దం దగ్గర హోల్డర్‌కి బిగించి మళ్ళీ తిరుగు. ఈసారి రెండు జాగ్రత్తలు.

ఒకటి, నీ తరంగదైర్ఘ్యం 16 సెంటీమీటర్లు. అరడుగు జరిగితే సిగ్నల్ 20 డీబీ పడి లేస్తుంది. ఆ గుంటలు నీకు అక్కర్లేదు. 40 తరంగదైర్ఘ్యాలు, అంటే ఆరున్నర మీటర్ల చొప్పున సగటు తీసుకో. నెమ్మదిగా నడుపు.

రెండోది ఎక్కువమంది పట్టించుకోరు. నీ టవర్ సిగ్నల్ బాగా తగ్గినచోట ఫోన్ దాన్ని వదిలేసి వేరే సెల్‌కో, 850 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌కో వెళ్ళిపోతుంది. అంటే బలహీనమైన చోట్ల కొలతలు నీ ఫైల్లోకి రానే రావు. పరీక్ష తప్పినవాళ్ళ పేపర్లు తీసేసి క్లాసు సగటు కట్టినట్టు ఉంటుంది. సెల్ నంబర్ చూసి ఎక్కడెక్కడ వదిలిందో ఆ చోట్లు కూడా మ్యాపులో గుర్తు పెట్టు.

తీరం_హామ్

ఆసక్తిగా చదువుతున్నాను. నాది కాకినాడ, హామ్ రేడియో పిచ్చి. కొలిచిన తేదీ, వేళ కూడా రాసుకో. వేసవి రాత్రులు సముద్రం మీద గాలి పొరలు తిరగబడితే సిగ్నల్ గొట్టంలో పడ్డట్టు వందల కిలోమీటర్లు పోతుంది. మా మేడ మీద కొన్ని రాత్రులు ఎక్కడివో తమిళ ఎఫ్‌ఎం స్టేషన్లు వినిపిస్తాయి. ఒకే ఫ్రీక్వెన్సీలో వంతులవారీగా పంపే, వినే నెట్‌వర్కులకి ఇది పెద్ద తలనొప్పి. 300 కిలోమీటర్లు దాటడానికి సిగ్నల్‌కి ఒక మిల్లీసెకను పడుతుంది. దూరపు టవర్ మాట ఆలస్యంగా వచ్చి, మన టవర్ వినాల్సిన వంతులో పడుతుంది. నీ బ్యాండ్‌కి పంపే, వినే ఫ్రీక్వెన్సీలు వేరు కాబట్టి ఈ వంతుల గొడవ లేదు, అయినా పగలు కొలిచినవీ రాత్రి కొలిచినవీ కలపకు.

ఈసీఈ_ఆఖరేడాది (బుధవారం రాత్రి)

రెండు ఉదయాలు మళ్ళీ తిరిగాను. ఫోన్ అద్దం దగ్గర బిగించాను. ఫలితాలు:

కొట్ల వీధుల్లో లెక్కకీ కొలతకీ తేడా 3 డీబీకి దిగింది. చెట్లున్న ఇళ్ళ వీధుల్లో కొలత లెక్కకన్నా 9 డీబీ తక్కువ. ఊరి చివర చేల గట్టు మీద మాత్రం తలకిందులు, లెక్కకన్నా కొలతే 14 డీబీ ఎక్కువ! అన్నీ కలిపి సగటు తీస్తే తేడా దాదాపు సున్నా వస్తోంది. ఈ సున్నా చూపిస్తే గైడ్ మాస్టారు సంతోషిస్తారు. చూపించనా?

పాత_ఎక్స్ఛేంజి

చూపించకు. తల ఫ్రిజ్‌లో, కాళ్ళు పొయ్యిలో పెడితే నడుము దగ్గర సగటు బాగానే ఉంటుంది. మూడు రకాల వీధులకీ మూడు వేరువేరు అంకెలు పెట్టు. ఫార్ములాలో మొదటి స్థిరాంకాన్నీ, దూరం పెరిగేకొద్దీ తగ్గే వాలునీ మాత్రమే నీ కొలతలతో సరిచెయ్యి, మిగతావి ముట్టుకోకు. అన్నిటికన్నా ముఖ్యం, ఒక వీధి కొలతలు దాచి పెట్టు. సరిచేసేటప్పుడు వాటిని వాడకు. చివర్లో ఆ వీధికి జోస్యం చెప్పి, దాచినవి తీసి పోల్చు. చేల గట్టు మీద 14 ఎక్కువ రావడంలో వింతేమీ లేదు, అది ఊరు కాదు, హాటా లెక్కలో బయలుకి దగ్గర.

ఈసీఈ_ఆఖరేడాది (గురువారం రాత్రి 1:15)

ఎర్రవంతెన వైపు వీధి దాచాను మాస్టారూ. మూడు రకాలుగా విడగొట్టి సరిచేశాక దాచిన వీధిలో సగటు తేడా 2 డీబీ, చెదురు (స్టాండర్డ్ డీవియేషన్) 7 డీబీ. ఇంకా తగ్గించగలనా?

డ్రైవ్‌టెస్ట్_డైరీ

7 అంటే బాగా చేశావు. ఏ మేడ ఎక్కడుందో, ఏ చెట్టు ఎక్కడుందో తెలియని ఫార్ములాకి అంతకన్నా ఆశ పెట్టుకోకూడదు. ఇంకా తగ్గించాలంటే ప్రతి మేడ ఆకారం కంప్యూటర్‌లో పెట్టి కిరణాలు గీయాలి. దానికి మ్యాపు డేటా కొనాలి, నీ రివ్యూ రేపే. పడుకో.

కొబ్బరితోట_మాది

బాబూ, రివ్యూ అయ్యాక ఆదివారం మా తోటకి రా. ఆ రోజు దింపు ఉంది. కాయలతోపాటు ఎండుమట్టలు, గెలల డొక్కలు కూడా కొట్టేస్తారు. దింపుకి ముందోసారి, తర్వాతోసారి వసారాలో కొలుచుకో, తేడా ఏమైనా ఉందేమో. ఉదయం ఆరింటికి మొదలెడతారు.

ఈసీఈ_ఆఖరేడాది

అయిదున్నరకే వచ్చేస్తానండి. ఫోన్ చేతిలోనే పట్టుకుని వస్తాను.